అనిరుద్ధ్ జగన్నాథ్ అన్నిసార్లు మారిషస్ ప్రధాని ఎలా అయ్యాడు?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: మారిషస్‌ను అందరికంటే ఎక్కువ కాలం ఏలిన ప్రధాని అనిరుద్ధ్ జగన్నాథ్. ఆయన పార్టీ ఒంటరిగా ఏనాడూ గెలవలేదు. పొత్తు పెట్టుకున్న దాదాపు ప్రతివాళ్లతోనూ ఎప్పుడో ఒకప్పుడు చెడింది. అయినా మూడు విడతల్లో కలిపి 18 ఏళ్లకు పైగా ప్రధాని కుర్చీలో కూర్చున్నాడు. ఇది అవకాశవాదమా, ప్రతిభా? మారిషస్ 'ఆర్థిక అద్భుతం' ఆయనదేనా? చివర్లో, అక్కడి తెలుగువాళ్లకు ఆయన వల్ల ఒరిగిందేమైనా ఉందా అని కూడా అడిగారు.

నేను 1988లో కాకినాడ నుంచి వెళ్లి ఒక స్వెటర్ల ఫ్యాక్టరీలో అకౌంట్సు చూశాను. తర్వాత పోర్ట్ లూయీలో ఆడిట్ పని. 2007లో తిరిగొచ్చాను. అంటే నాలుగు సాధారణ ఎన్నికలు కళ్లారా చూశాను, ఓటు లేకుండా. ఓటు లేనివాడికి ఎన్నికలు కొంచెం తేటగా కనిపిస్తాయని నా నమ్మకం.

సూటిగా చెప్పాలంటే, ఆయన బలం జనాకర్షణ కాదు, లెక్క. మారిషస్‌లో మూడు నాలుగు పార్టీలున్నాయి, ఏ ఒక్కటీ ఒంటరిగా సగం దాటదు. ఏ ఇద్దరు కలిస్తే దాటుతుందో, ఆ ఇద్దరిలో ఒకడు తప్పనిసరిగా తానే అయ్యేలా చూసుకోవడం ఆయన విద్య. రెండోది, పొత్తు చెడిపోతోందని తెలియగానే అవతలివాడు తేరుకునేలోపు సభను రద్దు చేయించేవాడు. ఈ ఎత్తు రెండుసార్లు పారింది, మూడోసారి ఆయన్నే ముంచింది. ఇక ఆర్థిక విషయానికొస్తే, పునాది ఆయనది కాదు. కానీ ఇల్లు లేచింది ఆయన హయాంలోనే, దాన్ని కూలగొట్టకుండా ఉండే తెలివి ఆయనకు ఉంది. ఆ తెలివి లేనివాళ్లు ఆ కాలంలో చాలా దేశాలు ఏలారు.

పేరు గురించి ఒక మాట. అక్కడ 'జగ్‌నోత్' అని పలుకుతారు, ఫ్రెంచి నాలుక కదా. మన చెవికి జగన్నాథే. పత్రికలవాళ్లు 'సర్' బిరుదుతో సహా పొడి అక్షరాలు కలిపి 'సాజ్' అనేవాళ్లు.

ఎన్నికల పద్ధతి తెలియకుండా ఈయన కథ అర్థం కాదు. ప్రధాన ద్వీపంలో 20 నియోజకవర్గాలు, ఒక్కోదానికి ముగ్గురు సభ్యులు. రోడ్రిగ్స్ అనే చిన్న ద్వీపానికి ఇద్దరు. ఎన్నికయ్యేవాళ్లు మొత్తం 62 మంది. ప్రధాన ద్వీపంలో ఓటరు కచ్చితంగా మూడు గుర్తులు పెట్టాలి, రెండు పెట్టినా నాలుగు పెట్టినా ఓటు చెల్లదు. మా ఇంటి యజమాని, మూడు తరాల కిందట ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన కుటుంబం, ఓటేసి వచ్చి వంటింటి బల్ల మీద వేలితో మూడు గీతలు గీసి చూపించాడు: "ఒకే రంగు, మూడు గీతలు, పని అయిపోయింది." పార్టీల గుర్తులు ఇవి: వామపక్ష ఎంఎంఎంకు హృదయం, జగన్నాథ్ తర్వాత పెట్టుకున్న ఎంఎస్‌ఎంకు సూర్యుడు, శివసాగర్ రాంగులాం నడిపిన లేబర్‌కు తాళంచెవి, దువాల్ కుటుంబం నడిపిన పీఎంఎస్‌డీకి కోడిపుంజు. జనం మనిషిని చూడరు, రంగు చూస్తారు. మూడు ఓట్లూ ఒకే కూటమికి పడితే ఏమవుతుంది? దేశం మొత్తం మీద 61-65 శాతం ఓట్లొస్తే సీట్లు 65 శాతం రావు, 60కి 60 వస్తాయి. అలా ఇప్పటికి మూడుసార్లు జరిగింది: 1982, 1995, 2024.

ఈ మూడింటిలోనూ జగన్నాథ్ కుటుంబం ఉంది. మొదటిదాంట్లో ఆయన గెలిచిన వైపు. రెండోదాంట్లో తుడిచిపెట్టుకుపోయిన వైపు. మూడోదాంట్లో తుడిచిపెట్టుకుపోయింది ఆయన కొడుకు ప్రవీణ్. ఇంకో తమాషా: ఇలాంటి గాలి వీచినప్పుడు పదవిలో ఉన్న ప్రధాని సొంత సీటు కూడా పోతుంది. 1982లో శివసాగర్ రాంగులాం, 1995లో అనిరుద్ధ్ జగన్నాథ్, 2014లో నవీన్ రాంగులాం, 2024లో ప్రవీణ్ జగన్నాథ్. రెండు కుటుంబాలు, తండ్రీకొడుకులు, నలుగురూ ప్రధానులుగా ఉండి సొంత నియోజకవర్గంలో ఓడినవాళ్లే.

ఇక మొదటి నుంచి వస్తాను. జగన్నాథ్ పుట్టింది 1930లో. భోజ్‌పురి మాట్లాడే, చెరకు తోటల మీద బతికిన కుటుంబాల నుంచి వచ్చినవాడు. లండన్ వెళ్లి బారిస్టరు చదివి 1954లో వకీలయ్యాడు. 1963లో రివియేర్ దు రాంపార్ నుంచి శాసనసభకు గెలిచాడు. 1965లో లండన్ లాంకస్టర్ హౌస్‌లో మారిషస్ స్వాతంత్ర్యం గురించి జరిగిన చర్చలకు వెళ్లిన బృందంలో ఉన్నాడు. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది. కొన్నాళ్లు మంత్రిగా చేసి, 1967లో రాజకీయాలు వదిలేసి మేజిస్ట్రేటుగా వెళ్లిపోయాడు! దేశం 1968 మార్చి 12న స్వతంత్రమైనప్పుడు ఈయన రాజకీయ నాయకుడే కాదు.

తిరిగొచ్చింది ఎర్రజెండా కుర్రాళ్లతో. 1969లో పాల్ బెరాంజే, మరికొందరు కలిసి పెట్టిన ఎంఎంఎం అప్పట్లో రేవు కార్మికుల సమ్మెలతో, వీధి సభలతో ఊగిపోతున్న పార్టీ. 1971 చివర్లో ప్రభుత్వం అత్యవసర పరిస్థితి ప్రకటించింది, బెరాంజే సహా నాయకుల్ని లోపలేసింది, ఎన్నికలు 1976 దాకా వాయిదా పడ్డాయి. ఆ పార్టీకి చదువుకున్న కుర్రాళ్లున్నారు, ఆవేశం ఉంది. లేనిది ఒక్కటే: పల్లెల్లో చెరకు కోసే హిందువు 'మనవాడు' అనుకునే పెద్దమనిషి. బెరాంజే ఫ్రెంచి మూలాలున్న తెల్లజాతివాడు. ఆ లోటు జగన్నాథ్ భర్తీ చేశాడు. సిద్ధాంతం వాళ్లది, ముఖం ఈయనది. ఇలా అన్నానని ఎంఎంఎం మిత్రులు నొచ్చుకుంటారు, కానీ ఆ బేరం రెండు వైపులకూ తెలిసే జరిగింది.

1976లో ఎంఎంఎం 34 సీట్లతో అతిపెద్ద పార్టీ అయింది. ఎన్నికైన 62 మందికి అదనంగా నియమించిన 8 మందిని కలిపితే అప్పటి సభలో 70 మంది. లేబర్‌కు 28, పీఎంఎస్‌డీకి 8. ఆ రెండూ కలిసి 36 చేసుకుని ప్రభుత్వం పెట్టేశాయి. జగన్నాథ్ ఆరేళ్లు ప్రతిపక్ష నాయకుడు. ఎక్కువ సీట్లొచ్చినవాడు గెలిచినట్టు కాదు, రెండు తక్కువల్ని కలిపినవాడు గెలిచినట్టు! ఈ పాఠం ఆయనకు అక్కడే ఒంటబట్టిందని నా అభిప్రాయం.

1982 జూన్‌లో 60-0. ప్రధాని జగన్నాథ్, ఆర్థిక మంత్రి బెరాంజే. తొమ్మిది నెలలు కూడా నిలవలేదు. ఖజానా ఖాళీ, అప్పులవాళ్ల షరతులు, పైగా అసలు అధికారం ఎవరిదనే పేచీ. 1983 మార్చి 12 జాతీయ దినోత్సవాన జాతీయగీతం క్రియోల్‌లో ప్రసారం కావడం మీద పెద్ద రగడ లేచింది. క్రియోల్ అక్కడ అందరూ మాట్లాడే భాషే, కానీ దాన్ని జాతీయ భాష చేస్తే మా భాషలేం కావాలన్నది హిందువుల, ముస్లింల భయం. బెరాంజే, ఆయనతోపాటు మంత్రుల్లో ఎక్కువమంది రాజీనామా చేశారు. పార్టీ బెరాంజే చేతిలో ఉంది, సభ్యుల్లో అధికులు ఆయన వెంటే. మామూలు మనిషైతే అక్కడితో సరి.

కానీ సభ రద్దు చేయమని సలహా ఇచ్చే హక్కు ప్రధానిది. పార్టీ పోయినా ఆ ఒక్క కలం ఈయన జేబులో ఉంది. ఏప్రిల్‌లో ఎంఎస్‌ఎం అని కొత్త పార్టీ పెట్టాడు, సభ రద్దు చేయించాడు, నిన్నమొన్నటిదాకా తిట్టిన లేబర్‌తో, పీఎంఎస్‌డీతో చేతులు కలిపాడు. ఆగస్టులో ఎన్నికలు. ఎంఎంఎంకు 46 శాతం దాకా ఓట్లొచ్చాయి, సీట్లు మాత్రం 60లో 19. ఈయన కూటమికి 41. ఏడాది కిందట సొంత సీటు కూడా పోగొట్టుకున్న ముసలి రాంగులాంను ఆ డిసెంబరులో గవర్నర్ జనరల్‌ను చేశారు. ఓడించినవాడికి పల్లకీ, వెంట నడిచినవాడితో వైరం. ఇది చూసి అవకాశవాదం అంటారా? అనండి, నేను కాదనను. కానీ ఆ ఎన్నికల పద్ధతిలో పొత్తు మార్చని నాయకుడు ఒక్కడున్నాడేమో వెతకండి. బెరాంజే మార్చాడు, నవీన్ మార్చాడు, దువాల్ కుటుంబం మార్చింది. తేడా ఏమిటంటే, మిగతావాళ్లు మారినప్పుడు చాలాసార్లు రెండో కుర్చీలో కూర్చున్నారు. ఈయన మారినప్పుడల్లా మొదటి కుర్చీ తనదే.

ఆ కాలం అంతా వెన్నెల కాదు. 1984లో పత్రికలు పెద్ద మొత్తంలో పూచీ కట్టాలని చట్టం తెస్తే విలేకరులు రోడ్డెక్కారు, అరెస్టయ్యారు. 1985 డిసెంబరు 31న పాలక పక్షానికి చెందిన నలుగురు ఎంపీలు ఆమ్‌స్టర్‌డామ్ విమానాశ్రయంలో సూట్‌కేసుల్లో సుమారు 20 కిలోల హెరాయిన్‌తో దొరికారు. నేను వెళ్లింది రెండేళ్ల తర్వాత. అప్పటికీ ఫ్యాక్టరీలో ఎవరైనా కొత్త సూట్‌కేసు కొంటే "ఆమ్‌స్టర్‌డామ్‌కా?" అని ఆటపట్టించేవాళ్లు. అయినా 1987లో మళ్లీ గెలిచాడు, 39-21. ఓట్లలో తేడా రెండు శాతానికి అటూ ఇటూ. ఎలా గెలిచాడు? ఫ్యాక్టరీ గేటు చూస్తే తెలిసిపోయేది.

ఇక్కడ మీ రెండో ప్రశ్నకొస్తాను, ఇది నా వృత్తికి దగ్గరి సంగతి. నేను చేరేనాటికి మా ఫ్యాక్టరీ గేటుకు 'మనుషులు కావలెను' బోర్డు పర్మనెంటుగా వేలాడుతుండేది. ఎదురు ఫ్యాక్టరీకీ అదే బోర్డు. పొద్దున ఆరున్నరకు బస్సులు ఊళ్ల మీదకు పోయి ఆడవాళ్లను ఎక్కించుకొచ్చేవి. ఒక బస్సులో ఎక్కాల్సిన అమ్మాయి నెల తిరిగేసరికి పక్క కంపెనీ బస్సులో కనిపించేది, గంటకు కాస్త ఎక్కువిస్తే చాలు. మా సూపర్‌వైజరు ఒకావిడ చెప్పింది, 1982 నాటికి తాను సెకండరీ పూర్తి చేసి మూడేళ్లు ఖాళీగా కూర్చుందట. అంకెల్లో చూస్తే ఎనభైల మొదట్లో నిరుద్యోగం 20 శాతం దగ్గర ఉండేది, పదేళ్లకు మూడు శాతం చుట్టుపక్కలకు దిగింది. ఎగుమతి మండలంలో, అంటే ఎగుమతుల కోసమే నడిచే ఫ్యాక్టరీల్లో, ఉద్యోగాలు పాతిక వేల లోపు నుంచి 90 వేల దాకా పెరిగాయి. ఆ తర్వాత మనుషులు దొరక్క చైనా నుంచి కుట్టు పనివాళ్లను తెచ్చుకున్నారు. నేను జీతాల పట్టీలో చైనా పేర్లు రాసిన రోజు బాగా గుర్తు. ఏది ఇంటిపేరో, ఏది మనిషి పేరో తెలియక రెండుసార్లు దిద్దాను.

ఇదంతా ఆయన ఘనతేనా? కాదు, మూడొంతులు కాదు. ఎగుమతి మండలాల చట్టం 1970 నాటిది, పెద్ద రాంగులాం కాలంలోది. 1975 లోమే ఒప్పందం కింద యూరప్ ఏటా దాదాపు ఐదు లక్షల టన్నుల చక్కెరను ఖాయమైన ధరకు కొనేది, ఆ సొమ్ములో కొంత చెరకు ఆసాముల చేతుల మీదుగా ఫ్యాక్టరీల్లోకి మళ్లింది. రూపాయి విలువను 1979లో, 1981లో తగ్గించింది పాత ప్రభుత్వం. చేదు మందు వాళ్లు తాగించి ఎన్నికల్లో పోయారు. పాశ్చాత్య దేశాలు పెట్టిన బట్టల దిగుమతి కోటాలు నిండిపోయిన హాంకాంగ్ వ్యాపారులు కొత్త చోటు వెతుక్కుంటూ వచ్చారు. 1983 నుంచి ఆర్థిక మంత్రిగా పని చేసిన విష్ణు లక్ష్మీనారాయుడు పన్నులు తగ్గించి వాళ్లకు దారి సుగమం చేశాడు.

మరి జగన్నాథ్ చేసిందేమిటి? ఎర్రజెండా పార్టీ నుంచి వచ్చినవాడు. 1982 వాగ్దానాల్లో జాతీయీకరణలున్నాయి. వాటిని మడిచి పక్కన పెట్టాడు. ఆర్థిక మంత్రిని పని చేసుకోనిచ్చాడు. పాత ప్రభుత్వం వేసిన విత్తనాన్ని, అది ప్రత్యర్థిది కదా అని పీకిపారేయలేదు. ఆడిటరుగా చెబుతున్నాను, బ్యాలెన్స్ షీటులో 'చెయ్యని తప్పులు' అనే పద్దు ఉండదు. ఉంటే ఈయన ఖాతాలో పెద్ద మొత్తమే పడేది.

భారత్-మారిషస్ పన్ను ఒప్పందం గురించి మనవాళ్లు వినే ఉంటారు. దాని మీద సంతకాలు 1982 ఆగస్టులో జరిగాయి, ఆయన ప్రధాని అయిన రెండు నెలలకు. అప్పుడెవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1991లో మన దేశం తలుపులు తెరవడం, 1992లో మారిషస్ ఆఫ్‌షోర్ కంపెనీల చట్టం తేవడం, ఈ రెండూ కలిశాక ఆ కాగితానికి ప్రాణం వచ్చింది. మారిషస్ కంపెనీ పేరిట భారత్‌లో షేర్లు కొని అమ్మితే లాభం మీద పన్ను మారిషస్‌కే చెందేది, మారిషస్ ఆ పన్ను వేసేది కాదు. అంతే కిటుకు. నా తర్వాతి పన్నెండేళ్ల జీతం ఆ కిటుకు మీదే నడిచింది, కాబట్టి నేను నిష్పక్షపాతిని కానని ముందే ఒప్పుకుంటున్నా. ఆ ఒప్పందాన్ని 2016 మేలో సవరించి 2017 ఏప్రిల్ 1 తర్వాత కొన్న షేర్ల లాభాల మీద భారత్ పన్ను వేసేలా మార్చినప్పుడూ ప్రధాని ఈయనే. పుట్టినప్పుడూ ఆయనే, రెక్కలు కత్తిరించినప్పుడూ ఆయనే.

మళ్లీ పొత్తుల దగ్గరికి. 1990లో బెరాంజేతో రాజీ కుదిరింది, ఏడేళ్ల తిట్ల తర్వాత. సాకు ఏమిటంటే దేశాధినేతగా ఉన్న బ్రిటన్ రాణిగారిని తీసేసి దేశాన్ని రిపబ్లిక్ చేయాలి. రాజ్యాంగ సవరణకు నాలుగింట మూడొంతుల మెజారిటీ కావాలి, కొద్దిలో తప్పిపోయింది, లేబర్ ప్రభుత్వం నుంచి బయటికి పోయింది. 1991లో గడువుకు ముందే ఎన్నికలు పెట్టించి ఎంఎస్‌ఎం-ఎంఎంఎం కూటమిగా 60లో 57 గెలిచారు. 1992 మార్చి 12న రిపబ్లిక్ అయింది. ఆ రోజు మా వీధిలో టపాసులు కాల్చారు. మా యజమాని మాత్రం "రాణి పోయింది, బేరాలు పోలేదు" అన్నాడు. ఏడాదిన్నర తిరిగేసరికి, 1993 ఆగస్టులో, విదేశాంగ మంత్రి బెరాంజేను జగన్నాథ్ మంత్రివర్గం నుంచి తీసేశాడు.

1995లో ఎత్తు పారలేదు. అదీ ఒక చిత్రమైన విషయం మీద, అది తెలుగువాళ్లకు సంబంధించినదే కాబట్టి చివర్లో చెబుతాను. డిసెంబరు 20న పోలింగ్. అక్కడ లెక్కింపు మర్నాడు పొద్దున మొదలవుతుంది. మా యజమాని రేడియో ముందు కాగితం, పెన్సిలుతో కూర్చున్నాడు, నియోజకవర్గం నెంబర్లు ఒకటి నుంచి ఇరవై దాకా నిలువుగా రాసుకుని. ఒక్కో ఫలితానికి మూడు గీతలు. మధ్యాహ్నం అన్నం తినేసరికి గీతలన్నీ ఒకే వరసలో పడుతున్నాయి. నెంబరు ఏడు, అంటే పితోన్-రివియేర్ దు రాంపార్, జగన్నాథ్ సొంత చోటు. అది కూడా అదే వరసలో పడగానే పెన్సిలు కింద పెట్టి "ఇక రాయక్కర్లేదు" అన్నాడు. లేబర్-ఎంఎంఎంకు 60కి 60. ఈయన పార్టీకి సున్నా.

65 ఏళ్ల వయసు, సున్నా సీట్లు. అందరూ అయిపోయిందన్నారు. నేనూ అన్నాను, ఆఫీసులో పందెం కూడా కాశాను. ఐదేళ్లు ఓపిక పట్టాడు. ఈలోపు నవీన్ రాంగులాంకు, బెరాంజేకు చెడింది. చెడాల్సిందే, లెక్క అలాంటిది. 2000లో బెరాంజే మళ్లీ ఈయన దగ్గరికే వచ్చాడు. మెడ్‌పాయింట్ ఒప్పందం అంటారు దాన్ని, అదే పేరున్న క్లినిక్‌లో కుదిరింది కాబట్టి. షరతు: మొదటి మూడేళ్లు జగన్నాథ్, తర్వాత రెండేళ్లు బెరాంజే. 54 సీట్లతో గెలిచారు. నేను పందెం ఓడి పాతికమందికి బిర్యానీ పెట్టించాను.

ఇప్పుడు అసలు విశేషం. 2003 సెప్టెంబరు 30న ఆయన మాట ప్రకారం దిగిపోయాడు. అన్ని పొత్తులు తెంచినవాడు ఈ ఒక్కటి నిలబెట్టుకుంటాడని మా ఆఫీసులో ఒక్కరూ నమ్మలేదు. బెరాంజే ప్రధాని అయ్యాడు, ఆ దేశంలో హిందువు కాని మొదటి ప్రధాని. నిజాయితీయా? కొంత అదీ ఉంది. కానీ వారం తిరిగేసరికి ఈయన రాష్ట్రపతి అయ్యాడు, కొడుకు ప్రవీణ్ ఉప ప్రధాని, ఆర్థిక మంత్రి అయ్యాడు. మాటా నిలిచింది, ఇల్లూ నిలిచింది. రెండూ ఒకేసారి కుదిరే చోట మాట నిలబెట్టుకోవడం తేలికే అని గొణిగినవాళ్లున్నారు. నాకైతే, అది చెయ్యకపోయినా అడిగేవాడు లేని చోట చేశాడు కదా అనిపిస్తుంది.

తర్వాతిది దూరం నుంచి చూసిందే, తొందరగా చెప్పేస్తాను. 2012 మార్చిలో రాష్ట్రపతి పదవికి రాజీనామా చేసి 82 ఏళ్ల వయసులో మళ్లీ వీధిలోకొచ్చాడు. 2014లో లేబర్, ఎంఎంఎం కలిసిపోయాయి. కాగితం మీద ఆ రెంటికీ ఎదురే లేదు. రాష్ట్రపతికి అధికారాలు పెంచి ఇద్దరూ పంచుకునేలా రాజ్యాంగం మారుస్తామన్నారు, జనానికి అది నచ్చలేదు. ఈయన కూటమికి 47, వాళ్లకు 13. నా సూత్రానికి ఇదొక్కటే మినహాయింపు. రెండు పెద్ద పార్టీలు కలిసినా ఓడిన ఎన్నిక అది. 84 ఏళ్లకు ప్రధాని. 2017 జనవరి 23న ఎన్నికలేవీ లేకుండా కుర్చీ కొడుక్కి అప్పగించాడు. ఇది నేను సమర్థించను. చట్టం ఒప్పుకుంటుంది, సభలో మెజారిటీ ఉన్న పార్టీ నాయకుడే ప్రధాని. కానీ ఓటేసినవాళ్లు తండ్రి పేరు చూసి వేశారు. ప్రవీణ్ 2019లో సొంతంగా గెలిచాడన్నది నిజమే, 2024లో ఏమైందో పైన చెప్పాను.

లాంకస్టర్ హౌస్ గుర్తుపెట్టుకోమన్నాను. 1965 చర్చల సమయంలోనే బ్రిటన్ ఛాగోస్ దీవుల్ని మారిషస్ నుంచి విడదీయడానికి ఒప్పించుకుంది, ఆ నవంబరులో విడదీసింది, తర్వాత డియెగో గార్సియాలో అమెరికా స్థావరం వెలిసింది, అక్కడి జనాన్ని వెళ్లగొట్టారు. ఆ గదిలో 35 ఏళ్ల కుర్రవాడిగా ఉన్న మనిషి 2018 సెప్టెంబరులో, 88 ఏళ్ల వయసులో, హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం ముందు నిలబడి మాట్లాడాడు. 2019 ఫిబ్రవరిలో కోర్టు ఆ విభజన చట్టబద్ధం కాదని అభిప్రాయం చెప్పింది. మేలో ఐక్యరాజ్యసమితి సాధారణ సభలో ఓటింగ్ 116-6. ఆయన 2021 జూన్ 3న పోయాడు. ఆ ముందు ఏడాదే మన ప్రభుత్వం పద్మవిభూషణ్ ఇచ్చింది. ఆయన పొత్తుల గురించి ఎంతైనా వెక్కిరించవచ్చు, ఈ ఒక్క ఫైలు విషయంలో వెక్కిరించడానికి నాకు నోరు రాదు.

ఇక తెలుగువాళ్లు. అక్కడ మనవాళ్లు జనాభాలో రెండు మూడు శాతం, పందొమ్మిదో శతాబ్దంలో చెరకు తోటల కూలికి వెళ్లినవాళ్ల సంతానం. మా కాకినాడ పక్కనున్న కోరంగి రేవు నుంచి ఓడలెక్కారు కాబట్టి 'కోరంగీలు' అనే పేరు పడింది. రామభజనలు చేస్తారు, సింహాద్రి అప్పన్న పూజ చేస్తారు. ఉగాది అక్కడ దేశం మొత్తానికి సెలవు. మూడో ప్రపంచ తెలుగు మహాసభలు 1990 డిసెంబరులో మారిషస్‌లో జరిగాయి, అప్పుడు ప్రధాని ఈయనే. ప్రతి మతానికీ, ప్రతి భాషకూ ఒక సంఘం, ప్రతి సంఘం పండక్కీ ఒక మంత్రి. తక్కువ తేడాతో సీట్లు మారే దేశంలో రెండు శాతం అంటే చిన్న సంఖ్య కాదు, ఈ లెక్క ఆయనకు చెప్పక్కర్లేదు.

ఇప్పుడు ఆ 1995 సంగతి. ప్రాథమిక విద్య చివర్లో సీపీఈ అనే పరీక్ష ఉండేది. దాని ర్యాంకు మీదే మంచి సెకండరీ స్కూల్లో సీటు. పదకొండేళ్ల పిల్లల మెడ మీద కత్తి. ఇంగ్లీషు, ఫ్రెంచి, లెక్కలు వగైరా మార్కులు ర్యాంకుకు లెక్క. హిందీ, ఉర్దూ, తమిళం, తెలుగు, మరాఠీ లాంటి ప్రాచ్య భాషలు చదివినా ఆ మార్కులు లెక్కలోకి రావు. వాటినీ లెక్కలో వెయ్యాలని జగన్నాథ్ ప్రభుత్వం నిర్ణయించింది. ఇంట్లో ప్రాచ్య భాష లేని క్రియోల్ పిల్లలకు ఇది అన్యాయమన్నది అవతలి వాదన, అది కొట్టిపారేయదగ్గది కాదు. కోర్టుకెక్కింది. రాజ్యాంగం సవరిద్దామని సభకు వెళితే కావలసిన మెజారిటీ రాలేదు. పొత్తులో ఉన్నవాళ్లే జారిపోయారు. పాత అలవాటు ప్రకారం సభ రద్దు చేయించాడు, భాషాభిమానం ఓట్లుగా మారుతుందనుకున్నాడు. మారలేదు, 60-0.

మా యజమాని మనవరాలు ఆ ఏడాదే ఆ పరీక్ష రాసింది. పెద్దాయనకు వచ్చిన తెలుగంతా భజన పాటల్లోది. పిల్లకు వచ్చిన తెలుగు బడిలోది. అప్పుడప్పుడు నా దగ్గరికొచ్చి ఒత్తులు దిద్దించుకునేది. 'క్ష' రాయడం దానికి ఎప్పుడూ కుదిరేది కాదు. తెలుగులో మంచి మార్కులొచ్చాయి. ర్యాంకులో ఆ కాగితం లెక్కకు రాలేదు, అనుకున్న స్కూలు కొద్దిలో తప్పింది. మరి ఆ ఎన్నికల్లో ఎవరికి ఓటేశారని పెద్దాయన్ని అడిగాను. "లేబర్‌కే, మూడు గీతలూ" అన్నాడు. తెలుగు మార్కుల కోసమే కదా ఆయన దిగిపోయింది అంటే, "పన్నెండేళ్లు దాటింది బాబూ, చాలు" అన్నాడు. 1998లో, మారిషస్‌కు చివరి అప్పీలు కోర్టు అయిన లండన్ ప్రివీ కౌన్సిల్ ఆ నిర్ణయంలో వివక్ష లేదని తీర్పిచ్చింది. అప్పటికి ఆ పిల్ల సెకండరీలో సగం దాటింది, తెలుగు మానేసి అకౌంట్సు తీసుకుంది.